అవ్వ పాలకోక

చెంబు ఎగిరి గోడకు తగిలింది. తగిలి తిరిగొచ్చి నా కాలి మీదే పడింది.

"సుక్కీ! నీ కాళ్ళిరగా!" అని అరిచినాను. అరిచినాక నాలిక్కరుచుకున్నా. దాని కాళ్ళు నిజంగా ఇరిగితే కసువూ నీళ్ళూ నోటికందించాల్సింది మళ్ళా నేనే గదా.

ఒలికిపొయ్యేదానికి చెంబులో పాలు యాడివి? నాలుగు చుక్కలు. పొదుగు మాత్రం రాయి మాదిరి ఉండాది. లోపల పాలుండాయి, కిందికి ఇడవదు. సేపదు. చన్నుకు వేలు తగిల్తే చాలు, కాలెత్తుతుంది. నా నడుమెత్తు గూడా లేని పొట్టి ఆవు, దానికింత రోషమా!

పుంగనూరు ఆవులంటే పట్నమోళ్ళు ఇప్పుడు చంటిబిడ్డల మాదిరి ఒళ్ళో పెట్టుకోని ఫొటోలు దిగతాండారు. ఒకసారి మా చౌడేపల్లె పక్కకొచ్చి సుక్కి కాలికింద కూసోమనండి, తెలుస్తుంది.

"సేపిందా అమ్మా?" కొట్టం బయట మంచం మీదినుంచి మునెప్ప తాత అడిగినాడు. నా మొగుడు మురళికి తాత. మా అత్తా మామా ఎప్పుడో పాయిరి. మురళినీ, ఆయప్ప చెల్లెలు సౌమ్యనూ సాకింది ఈ తాతా, మొన్న పోయిన హనుమక్క అవ్వా.

"లేదు తాతా."

"నిన్న సాయంత్రం?"

"నిన్నా లేదు, మొన్నా లేదు. అడిగిందే అడగొద్దు తాతా, నీకు పుణ్యముంటాది."

అవ్వ పోయిన కాడ్నించీ ఆయన మాటలు తగ్గిపోయినాయి, ఊరికే చూస్తా కూసోనుంటాడు.

మురళి బండి తాళంచెవి తిప్పుకుంటా వచ్చినాడు. మదనపల్లె టమోటా మండీలో ఆయప్పకు పని. పొద్దెక్కితే ఆడ వేలంపాట మొదలైపోతాది.

"పశువుల డాక్టరు చెప్పినాడు గదా సరళా. రేపటికల్లా పొదుగు ఖాళీ కాకుంటే వాపొచ్చి చెడిపోతాదంట. నీ చెయ్యి ఏమన్నా కరుకు తగల్తాందేమో చూసుకో."

"నా చెయ్యా? అవ్వ పోయిన కాడ్నించీ పెద్దదినం దాకా ఎవురు పిండినారబ్బా? కుప్పం నుంచి మీ చెల్లెలొచ్చి పిండి పాయనా?"

"ఊరికే అన్నా లే."

"ఊరికే యాల అంటావు, ఎందుకనాల? పని చేసేదానికే అన్ని మాటలూ."

నేను చెప్పింది అబద్ధం కాదు. ఉగాది ముందర సుక్కి దూడ సచ్చిపాయ. అప్పట్నించీ అది అవ్వ చేతికి తప్ప ఎవురికీ సేపేది కాదు. అట్లాంటిది అవ్వ పోయినాక నేను కూసుంటే బుద్ధిగా సేపింది. పక్కింటి మునీశ్వరిని పిలిచి మరీ చూపించినా. "సూడు మునీశ్వరీ, నోరు లేకపోయినా గొడ్డుకు తెలుసు, ఈ ఇంట్లో ఎవురు ఎవురో" అన్నా. పెద్దదినం కర్మ అయిపాయ, చుట్టాలు ఊళ్ళకు పాయిరి, ఆ మరుసటి దినం నుంచీ ఇదీ దాని తంతు.

తాత మెల్లిగా మంచం దిగి కొట్టంలోకి వచ్చినాడు. సుక్కిని కట్టేసే గుంజకు ఒక మేకుండాది. ఆ మేకును చేత్తో తడిమినాడు.

"అమ్మా, ఈడ మీ అవ్వ పాలకోక యాలాడతా ఉండెనే. యాడ పెట్టినావు?"

నేను కిందపడిన చెంబు ఎత్తుకున్నా.

పాలకోక అంటే ఏమీ లేదు, అవ్వ పాలు పిండేటప్పుడు పైన చుట్టుకునే పాత నూలుకోక. ఏ రంగో అడిగితే కొన్నోళ్ళు గూడా చెప్పలేరు. సబ్బు తగిలిందే లేదు. పేడా పాలూ తవుడూ అన్నీ కలిసిన వాసన. పెద్దదినం నాడు అవ్వ వస్తువులు పంచుకునేటప్పుడు సౌమ్య అడిగింది, "తాతా, నాకు ఆ పాలకోక ఒకటిస్తే చాలు" అని.

నేనే పోయి రెండు వేళ్ళతో ఎత్తి, ముక్కు మూసుకోని కవర్లో ఏసి ఇచ్చినా. "తీస్కపో తల్లీ, దీన్ని చాకలోళ్ళు గూడా ముట్టుకోరు" అని నవ్వినా. నవ్వక? అంతకు రవ్వంత ముందరే అవ్వ ఎర్రరాళ్ళ కమ్మలు నాకి కావాలని నోరిడిచి అడిగి, అందరి ముందరా చెవులకు పెట్టేసుకున్నా మరి.

ఆ నవ్వు ఎంతసేపో నిలవలా. చుట్టాలంతా ఒకటే పాట. "బంగారు అడగలా సూడు ఆ బిడ్డ! అవ్వ కోక అడిగింది. ప్రేమంటే అదీ" అని. అంటా అంటా నా చెవులకల్లా చూసేది. కొత్త కమ్మలు మంటల మాదిరి కాలినాయి నాకి. బంగారం తెచ్చుకున్నదాన్ని నేను, మంచిపేరు తెచ్చుకున్నది ఆమె!

"సౌమ్య తీస్కపోయింది తాతా" అన్నా, గొంతు తగ్గించి.

"దూడ సచ్చిపోతా ఉంటే మీ అవ్వ దాని మూతి తుడిసింది ఆ కోకతోనే. మళ్ళా ఉతకలా. ఆ వాసనకు సేపేదమ్మా ఇది. నీ చేతికి కాదు."

కసిరి చెప్పింటే తిరిగి కసిరేదాన్ని. నిమ్మళంగా చెప్పినాడు. చేసేదేముండాది, మునీశ్వరి గోడ మీదినుంచి ఇంటాందేమోనని మాత్రం ఒకసారి చూసుకున్నా. ఇంటానే ఉండాది.

"సౌమ్యకు ఫోన్ చెయ్యి" అన్నాడు మురళి.

"నేను చెయ్యను. నీ చెల్లెలు, నువ్వు చెయ్యి."

చేసినాడు. స్పీకర్లో పెట్టినాడు. సౌమ్య కుప్పంలో బడి పంతులమ్మ. ఎనకాల పిల్లోళ్ళ గోల ఇనపడతాంది.

"కోకనా? ఉండాదన్నా. ఉతకలా. కవర్లోనే కట్టి బీరువాలో పెట్టినా. మనసు బాగాలేనప్పుడు తీసి మొగానికి పెట్టుకుంటా."

మురళి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నాకి మాత్రం ఇంకోటి తోచింది. ఉతికేసింటే బాగుండు అనిపించింది. మంచి సబ్బు ఏసి, మిషన్లో ఏసి, దూడా లేదు అవ్వా లేదు అన్నట్ల ఉతికేసి ఉంటే, అప్పుడు నేనూ నవ్వుదును. సుక్కి ఏమైపోతుందో అనే ఆలోచనే రాలా ఆ క్షణం.

"సాయంత్రానికి వస్తానన్నా. లీవు పెడతా" అనింది సౌమ్య.

ఆమె వస్తే నాకే ముప్పు. పెద్దదినం నాడు తాత ఒక మాట చెప్పినాడు. "ఆవును కోసి పంచలేము గదా. ఎవురికి సేపితే సుక్కి వాళ్ళదే" అని. అప్పుడు లోపల్లోపల మురిసిపోయినా. ఎవురికి సేపుతుందో ఊరందరికీ తెలుసు గదా అనుకున్నా.

పలమనేరులో బస్సు మారి, పుంగనూరులో ఇంకో బస్సెక్కి, చౌడేపల్లెలో ఆటో పట్టుకోని పొద్దు గుంకే ముందర దిగింది సౌమ్య. చూడీదారు మీద స్వెట్టరు, భుజానికి బ్యాగు, చేతిలో నేనిచ్చిన అదే కవరు.

"బాగుండావా వదినా?"

"మేము బాగానే ఉండాము. ఆవే బాగాలేదు."

కాళ్ళు కడుక్కోని నేరుగా కొట్టంలోకి పాయ. కవరు ఇప్పింది. కోక తీసి చూడీదారు పైననే చుట్టుకునింది. కట్టుకునేది గూడా సరిగ్గా రాలా, కొంగు యాటో పోయింది. నవ్వుదామనుకున్నా.

సుక్కి తల తిప్పింది. మెడ సాగదీసి కొంగు వాసన చూసింది. చూసి, నాకింది. గొంతులోనించి ఒక చిన్న మూలుగు. ఆ మూలుగు అది దూడను పిలిచేటప్పటిది. అది ఇన్ని దినాలు నా చెవిన పడలా.

చిన్నప్పుడు అవ్వ నేర్పిందేమో, సౌమ్య బాగానే కూసునింది. మొదటి ధార చెంబు అడుగున ఖంగుమనింది. తర్వాత ఇంకోటి. తర్వాత నురుగు లేస్తా సొయ్‌మని పడతానే ఉండాది.

"సేపింది! ఓమ్మా, సేపేసింది!" గోడ అవతలినుంచి మునీశ్వరి. "ఏమన్నా గానీ సరళా, సొంత మనవరాలి చెయ్యి సొంత మనవరాలి చెయ్యే!"

"నీ పొయ్యి మీద కూర మాడతాంది, పోయి చూసుకో పో!" అన్నా.

తాత గుంజ పట్టుకోని నిలబడుండాడు. చానా దినాలకు ఆయన మొగంలో రవ్వంత ఎలుగు. "మాటంటే మాటే. సుక్కి సౌమ్యది" అన్నాడు.

వద్దంటాదేమోనని చూసినా. కోక చాలనిన మనిషి గదా! ఒద్దనలా. చెంబు పక్కన పెట్టి, కొంగుతో నుదురు తుడుచుకోని, "మా ఇంటెనక దొడ్డుండాది తాతా. ఆదివారం మా ఆయన అరుణ్‌ను టెంపో తీసుకోని రమ్మంటా" అనింది.

ఆ రెయ్యి సంగటి గెలికేటప్పుడు తెడ్డు విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా గెలికినా. మురళి తినేసి, ఈ గాలి ఎటు కొడుతుందో తెలిసిన మనిషి కాబట్టి, తాత పక్కన పోయి కూసున్నాడు. వంటింట్లో మేమిద్దరమే.

"కసువు కోసింది ఎవురు సౌమ్యా?"

"నువ్వే."

"పేడ ఎత్తింది? వానలో కొట్టం కారతా ఉంటే గోనెసంచులు కప్పింది?"

"నువ్వే వదినా. నేను కాదన్నానా?"

"మరి యాల తోలుకపోతాండావు నా ఆవును?"

"అవ్వది నాకొకటి కావాల."

"కోకుండాది గదా!"

సౌమ్య తినడం ఆపింది. "ఆ కోకను నువ్వు చెత్తని నాకిచ్చినావు. ముక్కు మూసుకోని ఇచ్చి, అందరి ముందరా నవ్వినావు. నేను మర్సిపోలా."

సంగటి ముద్ద మీద పప్పు పోసినా. అడక్కపోయినా ఇంకో గరిటె పోసినా.

"నీకేం తెలుసు వదినా," అనింది ఆమె మళ్ళా, పళ్ళెంకల్లా చూస్తా. "పెళ్ళయి వచ్చిన కాడ్నించీ అవ్వ నీ చేతి కూడు తినింది, నీ పక్కన పండుకునింది. నేను ఫోన్ చేస్తే ఏమడిగినా నీ మాటలే. సరళ అట్ల, సరళ ఇట్ల, సరళ చేసిన ఉలవచారు. నాకు ఒళ్ళు మండేది. ఫోన్ పెట్టేసి ఏడ్చినా ఒకసారి. మనవరాలు నేనా, నువ్వా అని."

గరిటెను గిన్నెలో పెట్టేసినా.

నాతో అవ్వ ఏమనేదో తెలుసునా? పొద్దస్తమానం సౌమ్య, సౌమ్య. సౌమ్య ఎంత బాగా చదివింది, సౌమ్య ఎంత నిమ్మళం, సౌమ్య కుప్పంలో ఏం తింటాందో. దూరపు కొండలు నునుపులే అవ్వా అని నేను ఎన్నిసార్లు మూతి తిప్పినానో! ముసలామె మా ఇద్దరికీ ఒకరి మాటలు ఒకరికి చెప్పి, ఇద్దరి కడుపుల్లోనూ నిప్పు పెట్టి పాయ.

ఆ మాట సౌమ్యకు చెప్పాల్సింది. చెప్పలా. ఏడ్చినానని ఆమె ఒప్పుకునింది గదా, నేను గూడా ఒప్పుకుంటే సమానమైపోతాము. నాకి సమానం ఒద్దు.

సౌమ్య పళ్ళెం తీసుకోని లేచింది. లేస్తా నా చెవులకల్లా ఒకసారి చూసింది.

"కమ్మలు నీకు బాగుండాయి వదినా."

మెచ్చుకునిందో దెప్పిందో నాకి అర్థం కాలా. తెలీకుండానే చేత్తో ఒక చెవి మూసుకున్నా.

పండుకోబొయ్యే ముందర సౌమ్య ఆ కోకను తీస్కపోయి మళ్ళా మేకుకు తగిలించింది, సుక్కి నిమ్మళంగా ఉంటాదని. తలుపు సందులోనించి చూస్తానే ఉండా.

కోడి కుయ్యకముందే నాకి మెలకువ వచ్చింది. సౌమ్య ముసుగు తన్ని పండుకోనుండాది. మంచి నిద్ర. నేను చెంబు కడుక్కోని కొట్టంలోకి పోయినా.

దొంగతనమంటారా? ఇందులో దొంగతనం ఏముండాది? ఎవురికి సేపితే వాళ్ళది, అది తాత మాట. ఆమె కోక కట్టుకుంటే సేపినప్పుడు, నేను కట్టుకుంటే సేపకూడదా? సేపిందంటే సుక్కి నాది. పొద్దున్నే అందరినీ పిలిచి చూపిస్తా. టెంపో ఉత్తదే తిరిగిపోతాది.

మేకు మీదినుంచి కోక తీసి చుట్టుకున్నా. ఈసారి ముక్కు మూసుకోలా. పేడ వాసన, పాల వాసన, వాటి అడుగున అవ్వ వక్కాకు వాసన. రవ్వంత సేపు అట్లే నిలబడిపోయినా. ఏడుపొచ్చింది. ఈ ఏడుపు పెద్దదినం నాడు రాలా నాకి, ఆ పొద్దు కండ్లన్నీ కమ్మల మీదే ఉండె.

సుక్కి కొంగు వాసన చూసింది. నాకింది. మూలిగింది.

కూసున్నా. మొదటి ధార ఖంగుమనింది. సేపింది! నాకి సేపింది! మునీశ్వరి గోడ మీద ఉంటే ఎంత బాగుండు!

ఎనకాల మంచం కిర్రుమనింది. అడుగుల చప్పుడు. కొట్టం వాకిట్లో వచ్చి ఆగింది.

"అనుమక్కా," అని అవ్వను పిలిచినట్లే పిలిచినాడు తాత.

ఆ మసకలో ఎనకనించి చూస్తే ఏం కనపడుతుంది? అదే కోక, అదే పీట, అదే వంగిన ఈపు. తిరిగి చూద్దామంటే పాలు పడతా ఉండాయి. మధ్యలో కదిలితే సుక్కి పాలు పైకి ఎగబట్టేస్తాది.

"బిన్నానే లేసినావే, కోడి గూడా కుయ్యలా," అని తాత ఆడ్నే గడప మీద కూసున్నాడు. "నీతో ఒక మాట చెప్పాల. నువ్వు సెప్పిపోయింది నేను సెయ్యలా. కమ్మలు సౌమ్యకు, సుక్కి సరళకు అన్నావు. సుక్కిని సూసుకునేది సరళే, ఆవును ఆ బిడ్డ కాడ్నించి తీయొద్దు అన్నావు. నేను సరేనన్నా."

ధార ఒకటి చెంబులో పడకుండా నా చెయ్యి మీద పడింది.

"పెద్దదినం నాడు నేను నోరు తెరిసే లోపల సరళ కమ్మలు అడిగేసింది. అందరూ ఉండారు. కాదు, అవి నీవి కాదమ్మా అంటే బిడ్డ మొగం సిన్నబోతాది గదా. ఊరుకున్నా. రెండూ ఒకరికే ఎట్లిచ్చేది? అందుకే ఆవునే సెప్పమన్నా. అది సరళకే సేపుతుంది, సౌమ్య మనసుకు నేను ఎట్లో సర్ది సెప్పుకుంటా అనుకున్నా. మేకు మీది కోక పోతుందని నాకేం తెలుసు?"

చెవులు రెండూ కాలిపోతాండాయి. నాకి చెందింది నా గుమ్మంలోనే ఉండె. ఆవు నాదే. అవ్వ నాకే ఇచ్చి పోయింది. నేను ఎగబడి ఇంకొకరిది లాక్కోని, నాదాన్ని కవర్లో కట్టి, నవ్వి మరీ ఆమె చేతిలో పెట్టినా.

తట్టుకోలేక తల తిప్పబోయినా.

"తిరగొద్దు సరళా," అన్నాడు తాత. "సుక్కి పాలు ఎగబట్టేస్తాది."

చేతులు ఆగినంత పనాయ. ఎప్పట్నించి తెలుసు ఈయనకు? మొదటి మాట నుంచేనా? అవ్వతో చెప్పుకున్నాడా, నాకి ఇనిపించినాడా?

"పిండు తల్లీ. కానీయ్."

పిండినా. కండ్లలో నీళ్ళు ముక్కు మీదికి కారతా ఉంటే తుడుచుకునేదానికి గూడా చెయ్యి లేదు.

"తాతా." ఇంటి తలుపు కాడ గొంతు. సౌమ్య. ఎప్పుడొచ్చి నిలబడిందో. "ఇప్పుడేమన్నావు నువ్వు? అవ్వ నాకు కమ్మలు ఇయ్యమనిందా?"

తాత గడప మీదినుంచి లేచి దోవిచ్చినాడు. చెప్పాల్సింది ఆయన కాదు గదా.

సౌమ్య వాకిలి దాటి వచ్చింది. సుక్కి అవతలి పక్కన నిలబడింది. నేను తల ఎత్తకపోయినా ఆమె పాదాలు కనపడతానే ఉండాయి.

"అవ్వ నాకు ఏమీ ఇడిసిపెట్టలేదనుకున్నా," అనింది. "మేకు మీదిది అడుక్కోని తీస్కపోయినా."

నేను పిండతానే ఉండా.

"వదినా, పిండేది కానీయ్. అయినాక రెండిట్లో ఒకటి ఇప్పి నా చేతికియ్యి. ఆ కోకన్నా, ఆ కమ్మలన్నా."

చెయ్యి చాపింది. గాజులు గలగలమన్నాయి.

కోక ఇస్తే సుక్కి పోతాది. కమ్మలు ఇస్తే, అవి చెవుల్నించి దిగే లోపల ఊరంతా చూస్తాది, మునీశ్వరి అందరికన్నా ముందర చూస్తాది. చెంబు నిండింది. ధార సన్నబడింది. చుక్కలైంది. తర్వాత చుక్కలు గూడా ఆగిపాయ.

పాలు అయిపోయినాయని సుక్కికి తెలుసు, తాతకు తెలుసు, సౌమ్యకు తెలుసు. అయినా నేను చన్నులు ఇడిసిపెట్టలా.